ఇద్దరే నడిపే లైబ్రరీలో పాలసీలు ముందా, లెక్కలు ముందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థమవ్వాలి కదా. 9,000 పుస్తకాలున్న చిన్న పబ్లిక్ లైబ్రరీ, పనిచేసేది మీరూ, ఒక అసిస్టెంటూ. కొత్తగా వచ్చిన కమిటీ మూడు నెలల్లో పాలసీలు రాసి ఇమ్మంది, నెలనెలా స్టాటిస్టిక్స్ కూడా ఇమ్మంది. మీరు ఒక పెద్ద లైబ్రరీవాళ్ల 60 పేజీల పాలసీ డౌన్‌లోడ్ చేసుకుని, పేరు మార్చి పెట్టేస్తే సరిపోతుందా అని అడిగారు. గత మూడేళ్ల లెక్కలు లేవు, అవి ఎక్కణ్ణుంచి తేవాలి అని చివర్లో ఇంకో ప్రశ్న.

పేరు మార్చి పెడితే సరిపోదండీ. ఆ పని నేను ఒకసారి చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరిదో పాలసీ తెచ్చి, టైపు చేయించి, కమిటీ చేత సంతకాలు కూడా పెట్టించాను. అందులో "పుస్తకం పోగొట్టుకున్న పాఠకుడు సంబంధిత విభాగాధిపతికి అర్జీ పెట్టుకోవాలి, ఆయన తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు" అని ఉంది. మాకు విభాగాలూ లేవు, అధిపతులూ లేరు. కౌంటర్లో కూర్చునేది నేను, అర్జీ తీసుకోవాల్సింది నేను, కాదనాల్సిందీ నేనే. పుస్తకం పోగొట్టుకున్న ఒక పెద్దాయన ఆ కాగితం నా ముందే నింపాదిగా చదివి, "అయితే మీ మీద అప్పీలు ఎవరికి చేసుకోవాలమ్మా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పుస్తకం ఖరీదు అడగడానికి కూడా మొహం చెల్లక పంపించేశాను.

అందుకని ఇప్పుడే ఏమీ రాయకండి. ముందు ఒక నోటుబుక్కు తీసుకుని కౌంటర్ దగ్గర పెట్టండి. నెల రోజుల పాటు, పాఠకులు అడిగినదానికి మీరొకటి మీ అసిస్టెంటు ఇంకొకటి చెప్పిన ప్రతిసారీ, లేదా "ఈసారికి పోనీలే" అని సర్దుకున్న ప్రతిసారీ, ఒక్క లైను రాసిపెట్టండి. చెల్లెలి కార్డు మీద అన్న పుస్తకం తీసుకెళ్తానన్నాడు, ఇచ్చాం. తడిసిన పుస్తకం తెచ్చారు, ఏమీ అనలేదు. కంప్యూటర్ ముందు ఒకరే రెండు గంటలు కూర్చున్నారు, వెనక ముగ్గురు నిలబడ్డారు. నెలాఖరుకి ఇలాంటివి ఇరవయ్యో ముప్ఫయ్యో వస్తాయి, సగం ఒకే రకంవి ఉంటాయి. మీకు కావాల్సిన పాలసీల పట్టిక అదే. ఇందులో లేని విషయం గురించి పెద్ద లైబ్రరీ మాన్యువల్లో నాలుగు పేజీలున్నా మీకు ప్రస్తుతానికి అక్కర్లేదు.

రాసేటప్పుడు మూడు రకాల కాగితాలు విడివిడిగా ఉంచుకోండి. కమిటీ ఆమోదించాల్సింది పాలసీ: ఆలస్యానికి జరిమానా ఉంటుందా, ఉంటే దానికి పైపరిమితి ఉంటుందా, ఎవరికి మినహాయింపు. పాఠకులకి కనపడేలా గోడ మీద అంటించేవి నియమాలు: ఎన్ని పుస్తకాలు, ఎన్ని రోజులు. మూడోది మీ ఇద్దరి కోసం రాసుకునే పనిపద్ధతి: జరిమానా ఏ రిజిస్టర్లో ఎక్కించాలి, రసీదు ఎవరు రాయాలి, సాయంత్రం డబ్బు ఎక్కడ పెట్టాలి. ఈ మూడూ ఒకే పత్రంలో కలిపేస్తే, రసీదు పుస్తకం రంగు మార్చడానికి కూడా కమిటీ తీర్మానం కావాల్సొస్తుంది. నవ్వులాటకి అనడం లేదు, అలా ఇరుక్కున్నవాళ్లు నాకు తెలుసు.

మీ సైజు లైబ్రరీకి ముఖ్యమైన పాలసీలు నాలుగైదుకి మించవు. సభ్యత్వం-ఇష్యూ, పుస్తకాల ఎంపిక-తొలగింపు, లోపల ప్రవర్తన, కంప్యూటర్లు ఉంటే వాటి వాడకం, పాఠకుల వివరాల గోప్యత. మొదటిదీ మూడోదీ మీ నోటుబుక్కే రాసిపెడుతుంది. కంప్యూటర్లది అరపేజీ చాలు. మిగిలిన రెండిటి గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అవి గొడవ వచ్చాక రాయడం కుదరనివి.

ఎంపిక పాలసీలో అందరూ మర్చిపోయేది విరాళాలు. ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ ఆరు అట్టపెట్టెలు మోసుకొస్తారు, వద్దంటే బాధపడతారు, తీసుకుంటే సగానికి పైగా పాత గైడ్లు, చెదలు పట్టిన పత్రికలు. "ఇచ్చిన పుస్తకాలు లైబ్రరీ సొంతం అవుతాయి, ఉంచాలా తీసెయ్యాలా అన్నది లైబ్రరీ నిర్ణయిస్తుంది, వేరే బీరువాలో దాత పేరుతో పెట్టడం కుదరదు" అని రెండు వాక్యాలు రాసి, పెట్టెలు దించకముందే సంతకం తీసుకోండి. దించాక సంతకం అడిగితే మొహమాటం. అలాగే ఫలానా పుస్తకం మీ దగ్గర ఉండకూడదు అని ఎవరైనా అభ్యంతరం చెప్తే ఏం చెయ్యాలో ముందే ఉండాలి: రాతపూర్వకంగా ఇవ్వాలి, పుస్తకం మొత్తం చదివారో లేదో చెప్పాలి, కమిటీ చూసేదాకా పుస్తకం అరలోనే ఉంటుంది. ఆ చివరి మాట తప్పనిసరిగా పెట్టండి. లేకపోతే గట్టిగా అరిచినవాళ్ల మాట నెగ్గుతుంది.

తొలగింపుకి నేను వాడేది క్రూ పద్ధతి. 1976లో టెక్సాస్ స్టేట్ లైబ్రరీ చిన్న, మధ్యతరహా పబ్లిక్ లైబ్రరీల కోసం వేసిన మాన్యువల్ నుంచి వచ్చింది. సమాచారం తప్పుదారి పట్టించేదా, పుస్తకం చూడ్డానికే పాడైపోయిందా, కొత్త ఎడిషన్ వచ్చేసిందా, పసలేనిదా, మీ పాఠకులకి సంబంధం లేనిదా, ఇంకోచోట తేలిగ్గా దొరుకుతుందా, ఇవే ప్రశ్నలు. అర ముందు నిలబడి పుస్తకం తీసి వెనక అట్ట దగ్గర డేట్ స్లిప్ (పుస్తకం ఇచ్చినప్పుడల్లా తేదీ ముద్ర వేసే కాగితం) చూస్తే మీకే తెలిసిపోతుంది, చివరి ముద్ర ఎనిమిదేళ్ల కిందటిదైతే ఇక ఆలోచించాల్సింది తక్కువే. ఒక్క జాగ్రత్త: పబ్లిక్ లైబ్రరీ పుస్తకం ప్రజల ఆస్తి. ఎవరి అనుమతితో, ఏ జాబితా రాసి, యాక్సెషన్ రిజిస్టర్లో (లైబ్రరీలో చేరిన ప్రతి పుస్తకాన్నీ వరస నంబరుతో ఎక్కించే పుస్తకం) ఎలా కొట్టేసి తియ్యాలో మీకు వర్తించే రూల్స్ చూసుకుని పాలసీలో రాయండి. పాత కాగితాలవాడికి మీ అంతట మీరు వేసేస్తే రేపు ఆడిట్లో ఆ టెన్షన్ మీదే.

ఇక గోప్యత. ఎవరు ఏం చదివారో ఇంకొకరికి చెప్పం అని రాయడం తేలిక. కానీ తండ్రి వచ్చి "మా అమ్మాయి ఈమధ్య ఏం పుస్తకాలు తీసుకెళ్తోంది?" అని అడిగినప్పుడు కౌంటర్లో ఉన్న అసిస్టెంటు నోట వెంటనే రావాల్సిన వాక్యం కూడా రాసిపెట్టుకోండి. ఎవరైనా అధికారి అడిగితే రాతపూర్వక ఉత్తర్వు ఉండాలని, జవాబు లైబ్రేరియన్ మాత్రమే ఇస్తారని స్పష్టంగా ఉండాలి. ఇందులో ఒక తమాషా ఉంది. పుస్తకాలు ఇష్యూ చేసే పాత బ్రౌన్ పద్ధతిలో పుస్తకం కార్డుని పాఠకుడి టికెట్ సంచిలో దూర్చేవాళ్లం, పుస్తకం తిరిగిరాగానే రెండూ విడిపోయేవి, ఎవరు చదివారో ఆనవాలు మిగిలేది కాదు. నెవార్క్ పద్ధతిలో అయితే బుక్ కార్డు మీద మెంబర్ల నంబర్లు వరసగా ఉండిపోతాయి. కంప్యూటర్ వచ్చాక అన్నీ ఉండిపోవడమే మామూలైంది. కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే పాత ఇష్యూల నుంచి పాఠకుడి పేరు తెంపేసే సెట్టింగు ఉంది. పెట్టుకోండి, ఇష్యూల సంఖ్యకి దానివల్ల నష్టం లేదు.

లెక్కల సంగతికొద్దాం. అంతర్జాతీయంగా దీనికి ప్రమాణాలున్నాయి: లైబ్రరీ గణాంకాల నిర్వచనాలకి ఐఎస్ఓ 2789, పనితీరు సూచికలకి ఐఎస్ఓ 11620. కొని చదవాల్సిన అవసరం మీకు లేదు. వాటి నుంచి తీసుకోవాల్సిన బుద్ధి ఒకటే, లెక్కపెట్టే ముందు దేన్ని లెక్కపెడుతున్నామో ఒక వాక్యంలో రాసుకోవడం. "యాక్టివ్ మెంబర్ అంటే గడిచిన 12 నెలల్లో ఒక్కసారైనా పుస్తకం తీసుకెళ్లిన సభ్యుడు." "ఇష్యూలో రెన్యూవల్ కలపం, విడిగా చూపిస్తాం." ఎక్సెల్ ఫైలు తెరిస్తే మొదటి షీటు ఇదే ఉండాలి. మీరు బదిలీ అయిపోయినా తర్వాత వచ్చేవాళ్లు అదే కొలతతో కొలవాలి.

నెలవారీగా మీరు నిజంగా ఎక్కించాల్సినవి: తెరిచి ఉన్న రోజులు, ఇష్యూలు, రెన్యూవల్స్, కొత్త సభ్యులు, చేర్చిన పుస్తకాలు, తీసేసిన పుస్తకాలు. అంతే. మిగతావి రోజూ లెక్కపెట్టబోతే రెండో నెలకే మానేస్తారు, మూడో నెల నుంచి గాలిలో అంకెలు వేస్తారు. నేనూ వేశాను, దాపరికమెందుకు.

లోపలికొచ్చేవాళ్ల సంఖ్య, అడిగే ప్రశ్నలు, అక్కడే కూర్చుని చదివే పుస్తకాలు, వీటికి శాంపిల్ వారాలు చాలు. అమెరికాలో పబ్లిక్ లైబ్రరీల కోసం 1982లో వచ్చిన అవుట్‌పుట్ మెజర్స్ మాన్యువల్ నుంచి ఈ "మామూలు వారం" పద్ధతి బాగా అలవాటైంది. మూడు నెలలకొక వారం, పండగలూ సెలవులూ లేని వారం, ముందే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఎలాగూ జనం ఎక్కువున్నారు కదా అని ఈ వారమే లెక్కపెడదాం అనుకోకూడదు. ఉదాహరణకి నాలుగు వారాల్లో 410, 365, 440, 385 మంది వచ్చారనుకోండి, మొత్తం 1,600, వారానికి సగటు 400. ఏడాదిలో 50 వారాలు తెరిచి ఉంటే 20,000. మూసిన రెండు వారాల్ని కూడా కలిపేసి 52తో గుణిస్తే 800 మంది దెయ్యాల్ని సృష్టించినట్టు.

గేట్ కౌంటర్, అంటే తలుపు దగ్గర మనుషుల్ని లెక్కపెట్టే యంత్రం, ఉంటే బాగానే ఉంటుంది గానీ, చాలావాటిలో లోపలికెళ్తే ఒకటి, బయటికొస్తే ఒకటి పడుతుంది, రెండుతో భాగించాలి. మీ రాకపోకలు, ఊడ్చేవాళ్ల రాకపోకలు, ఎండాకాలం తలుపు దగ్గర దాగుడుమూతలాడే పిల్లలు, అన్నీ అందులోనే. ఒక రోజు పక్కన కూర్చుని చేత్తో లెక్కపెట్టి పోల్చుకోండి, తేడా ఎంతో తెలుస్తుంది. ప్రశ్నలకైతే కాగితం మీద నాలుగు గీతలు, ఐదోది అడ్డంగా. "బాత్రూమ్ ఎటు?" అన్నది రిఫరెన్స్ ప్రశ్న కిందికి రాదు. "ఈ జబ్బు గురించి తేలిగ్గా అర్థమయ్యే పుస్తకం ఏదైనా ఉందా?" అన్నది వస్తుంది.

లోపల కూర్చుని చదివే పుస్తకాల్ని మాత్రం వదలకండి. శాంపిల్ వారంలో "చదివిన పుస్తకం బల్ల మీదే వదిలెయ్యండి, అరలో పెట్టకండి" అని బోర్డు పెట్టి, రోజుకి మూడుసార్లు బల్లలు ఖాళీ చేస్తూ, పెట్టే ముందు విభాగాల వారీగా గీతలు గీసుకోండి. రెండేళ్లుగా ఇష్యూ కాలేదని మేం తీసేద్దామనుకున్న అట్లాసులు, నిఘంటువులు రోజూ బల్ల మీద తేలేవి. స్లిప్ మీద ముద్ర లేదు, అంచులు మాత్రం నల్లగా అరిగి ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయం, దీనికోసమే ఇంత రాశాను. పాలసీలు ఒక ఫైలు, స్టాటిస్టిక్స్ ఇంకో ఫైలు అని విడదీసి పెట్టుకుంటారు అందరూ. కానీ నియమం మారితే అంకె మారుతుంది, పాఠకులు మారకపోయినా సరే. మేం ఒకప్పుడు ఇష్యూ గడువు 14 రోజుల నుంచి 21 రోజులకి పెంచాం. పాఠకులు సంతోషించారు. తర్వాతి మూడు నెలలు ఇష్యూల గ్రాఫ్ కిందికి జారింది. కమిటీలో ఒకాయన "జనం రావడం తగ్గింది, సాయంత్రం వేళలు తగ్గించేద్దాం" అనేశారు. జరిగిందేంటంటే, అప్పట్లో రెన్యూవల్స్ కూడా ఇష్యూల్లోనే కలిపి వేసేవాళ్లం. గడువు పెరిగాక రెన్యూవల్ అవసరం తగ్గింది, అంకె పడిపోయింది. చదివేవాళ్లు చదువుతూనే ఉన్నారు. పాత రిజిస్టర్లు ముందేసుకుని రెండూ విడదీసి చూపించేసరికి రెండు రాత్రులు పట్టింది. వేళలు మాత్రం తగ్గకుండా ఆపగలిగాం.

అప్పటినుంచి నెలవారీ షీట్లో చివర ఒక కాలమ్ పెట్టాను, "ఏం మారింది" అని. గడువు మార్చాం, జరిమానా తీసేశాం, మూడు రోజులు కరెంటు పని, గడువు తీరిన సభ్యత్వాలు తొలగించాం, ఇలా. ఆ సభ్యత్వాల విషయంలోనైతే ముందే కమిటీకి చెప్పండి. ఏళ్ల తరబడి పేరుకున్న పేర్లు తుడిచేస్తే మెంబర్ల సంఖ్య ఒక్క నెలలో సగమైపోయినా ఆశ్చర్యం లేదు, చెప్పకుండా చేస్తే మీరేదో కొంప ముంచినట్టు చూస్తారు. సాఫ్ట్‌వేర్ మార్చినా ఇదే సమస్య, కొత్తదాని రిపోర్టులో రెన్యూవల్ కలిసి ఉందో లేదో ఒక రోజు చేత్తో లెక్కేసి సరిచూసుకోవాలి. ఆటోమేటిక్ రెన్యూవల్ ఆన్ చేసినచోట అంకెలు రాత్రికి రాత్రి ఉబ్బిపోతాయి, అది చూసి మురిసిపోకండి.

జరిమానా గురించి మీరు అడగలేదు గానీ కమిటీ అడుగుతుంది. 2019లో షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో లైబ్రరీలు ఆలస్య రుసుము ఎత్తేశాయి, ఆ తర్వాత చాలాచోట్ల అదే బాట పట్టారు. ఎత్తేసినా పుస్తకం పోతే ఖరీదు కట్టాల్సిందే, బాకీ పుస్తకం ఉన్నంతకాలం కొత్తది ఇవ్వరు. మీ దగ్గర ఏం చెయ్యాలో చెప్పను. ఒక నెల పాటు వసూలైన జరిమానా ఎంత, దాని రసీదులకీ వాదనలకీ పోయిన సమయమెంత, జరిమానాకి భయపడి రావడం మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా, ఈ మూడూ రాసి కమిటీ ముందు పెట్టండి. పాలసీకి ముందు లెక్క అంటే ఇదే.

నిష్పత్తుల్లో నాకు బాగా పనికొచ్చింది టర్నోవర్, అంటే ఏడాది ఇష్యూల్ని పుస్తకాల సంఖ్యతో భాగించడం. 9,000 పుస్తకాలకి 12,000 ఇష్యూలైతే 1.33. మొత్తానికి చూస్తే ఉపయోగం తక్కువ, విభాగాల వారీగా చూడండి. పిల్లల అరలో 1,100 పుస్తకాలకి 4,400 ఇష్యూలుంటే 4, పాత కంప్యూటర్ పుస్తకాల అరలో 600కి 30 ఉంటే 0.05. కొనుగోలు డబ్బు ఎటు పోవాలో, ఏ అర ముందు అట్టపెట్టె పట్టుకుని నిలబడాలో ఈ రెండు అంకెలు చెప్పేస్తాయి. రిచర్డ్ ట్రూస్‌వెల్ 1969లోనే చూపించాడు, ఇష్యూల్లో దాదాపు 80 శాతం సుమారు 20 శాతం పుస్తకాల నుంచే వస్తాయని. అయితే ఇదే టర్నోవర్ మోసం కూడా చేస్తుంది. 2,000 పుస్తకాలు తీసేస్తే, ఒక్క పాఠకుడు పెరగకపోయినా 1.33 కాస్తా 1.71 అవుతుంది. పక్కన "ఏం మారింది" కాలమ్ లేకపోతే దాన్ని చూసి ఎవరైనా మెచ్చుకుంటారు, మీకు కాదనడానికి నోరు రాదు.

కమిటీకి నెలనెలా ఒక్క పేజీ చాలు. పోయిన నెలతో కాకుండా పోయిన ఏడాది ఇదే నెలతో పోల్చండి, సెలవుల నెలనీ పరీక్షల నెలనీ పక్కపక్కన పెడితే ఏమీ తెలీదు. తెరిచిన రోజుకి ఎన్ని ఇష్యూలో చెప్పండి. 26 రోజులు తెరిచి 1,040 అయినా, 21 రోజులు తెరిచి 840 అయినా రోజుకి 40యే, తగ్గిందేమీ లేదు. రిచర్డ్ ఆర్ (Orr) అనే ఆయన 1973లో ఒక తేడా చూపించాడు: లైబ్రరీ ఎంత బాగుంది అన్నది ఒక ప్రశ్న, దానివల్ల ఎంత మేలు జరిగింది అన్నది వేరే ప్రశ్న. మన అంకెలు ఎక్కువగా మొదటిదానికే జవాబు చెప్తాయి. రెండోదానికి నేను పేజీ కింద ఒక సంఘటన రాస్తాను, పేరు లేకుండా, వాళ్లని అడిగి. పేజీలో చివరి వాక్యం ఎప్పుడూ మీకు కావాల్సిన నిర్ణయం అయ్యుండాలి: "పిల్లల పుస్తకాలకి ఈసారి బడ్జెట్లో సగం కేటాయించండి." ఏమీ అడగని రిపోర్టుని ఎవరూ చదవరు.

టార్గెట్ పెడతామంటే మాత్రం మర్యాదగా వద్దనండి. మాకు ఒక ఏడాది సందర్శకుల టార్గెట్ పెట్టారు. మార్చి నెలాఖరులో మా అసిస్టెంటు గేటు దగ్గర లోపలికీ బయటికీ తిరుగుతుంటే ఏంటని అడిగాను. "వాకింగ్ అండీ" అన్నాడు.

చివరిగా లేని మూడేళ్ల లెక్కలు. కల్పించకండి, "లెక్క లేదు" అని రాయడం సిగ్గుపడాల్సిన విషయమేమీ కాదు. కానీ కొంత వెనక్కి తెచ్చుకోవచ్చు. ఏ ఏడాది ఎన్ని పుస్తకాలు చేరాయో యాక్సెషన్ రిజిస్టర్లో తేదీలతో సహా ఉంటుంది. ఇష్యూలకి డేట్ స్లిప్పులే ఆధారం: అరల్లో ఒక చివర నుంచి మొదలుపెట్టి ప్రతి 90వ పుస్తకం తియ్యండి, వంద పుస్తకాలొస్తాయి. ఒక్కోదాని స్లిప్ మీద ఆయా ఏడాది ముద్రలు లెక్కపెట్టండి. వందలో ఒక ఏడాదికి 140 ముద్రలుంటే 140ని 90తో గుణిస్తే 12,600, ఆ ఏడాది ఇష్యూల అంచనా. రెన్యూవల్‌కి కూడా ముద్ర వేసే అలవాటుంటే అవీ ఇందులో ఉన్నట్టే, ఆ మాట పక్కన రాయండి. బాగా తిరిగే పుస్తకాలు ఆ సమయానికి పాఠకుల ఇళ్లలో ఉంటాయి, నిండిపోయి కొత్త స్లిప్ అంటించినవాటికి పాత ముద్రలు చిరిగిపోయి ఉంటాయి, కాబట్టి అసలు సంఖ్య దీనికంటే ఎక్కువే ఉండే అవకాశం ఉంది. షీట్లో ఆ మూడు గళ్లనీ వేరే రంగులో పెట్టి "అంచనా, వంద పుస్తకాల శాంపిల్" అని రాయండి. ఇద్దరూ కూర్చుంటే ఒక మధ్యాహ్నం పని. ఒకరు స్లిప్ చూసి చదవాలి, ఇంకొకరు గీత గియ్యాలి.